దుబాయ్ బీచ్‌కి ఎప్పుడు పోవాలో కూడా రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో వేసవి సెలవులకి దుబాయ్ బీచ్ హాలిడే అని ఫుల్ పేజీ వేశారు కదా, నీలం నీళ్లు, వెనకాల తెరచాప ఆకారంలో బుర్జ్ అల్ అరబ్, ముందు ఇసుకలో పిల్లలు గూళ్లు కట్టుకుంటున్న ఫొటో. ఫొటో చాలా బాగుంది, కాదనను. కానీ అది జూన్‌లో తీసిన ఫొటో కాదని స్టాంపు పేపర్ మీద రాసిస్తాను, ఎందుకంటే ఆ పిల్లల కాళ్లకి చెప్పులు లేవు.

పోయిన ఏడాది ఇలాంటి పేజీయే చూసి మేం వెళ్లాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. జూన్ మొదటి వారం, ఐదు రాత్రులు. మా మరిది షార్జాలో పదకొండేళ్లుగా ఏసీ మెకానిక్‌గా చేస్తున్నాడు, అతన్ని ముందే ఒక మాట అడిగుంటే సరిపోయేది, కానీ సర్‌ప్రైజ్ చేద్దామని మా ఆయన, ప్యాకేజీ చవగ్గా దొరికిందన్న ఆత్రంలో నేను, డబ్బు కట్టేశాకే ఫోన్ చేశాం. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "వదినా, జూన్ల ఇక్కడికి సముద్రం చూడనీకి ఎవలన్న వస్తరా? పదిహేనో తారీఖు నుంచి మాకే మధ్యాహ్నం బయట పని బంద్ వెడ్తరు." నాకు అప్పుడు సరిగా ఎక్కలేదు. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని రూలు ఉందట, బిల్డింగుల మీద పనిచేసేవాళ్లనే ఆపేస్తారు. అలాంటి ఎండలోకి మనం డబ్బులు కట్టి మరీ చంటి పిల్లల్ని తీసుకెళ్తున్నాం. ప్యాకేజీ చవగ్గా ఎందుకు వచ్చిందో అప్పుడైనా అర్థం కావాల్సింది.

మొదటిరోజు టిఫిన్ తిని తీరిగ్గా బయల్దేరి కైట్ బీచ్‌కి చేరేసరికి పదకొండయింది. ఇసుక తెల్లగా పిండిలా ఉంది. మా వాడికి ఏడేళ్లు, నీళ్లు కనపడగానే చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తాడు. సగం దూరం పోయాక ఒక్కసారిగా ఆగిపోయాడు, ముందుకి పోలేడు వెనక్కి రాలేడు, ఒక కాలు ఎత్తి ఇంకో కాలు దించుతూ పెనం మీద పడ్డట్టు గెంతుతున్నాడు. మా ఆయన చేతిలో టవల్ వాడి వైపు విసిరితే దాని మీద నిలబడి ఏడుపు. నేను నా చున్నీ వేసి, ఆయన ఎత్తుకుని, మొత్తానికి నీళ్లలోకి చేర్చాం, అరికాళ్లు రెండూ ఎర్రగా కందిపోయాయి. సరే నీళ్లలో అయినా చల్లగా ఉంటుందనుకుంటే అదీ లేదు. అత్తమ్మ మడమల దాకా దిగి, "తానానికి కాగబెట్టినట్టే ఉన్నయ్ గదనే నీళ్లు" అంది.

దానికి కారణం తర్వాత తెలిసింది. ఆ గల్ఫ్ సముద్రం మనం అనుకునేంత లోతు కాదు, సగటున 35 మీటర్లే, హోర్ముజ్ జలసంధి దగ్గర సన్నటి మూతి తప్ప మిగతా అంతా నేల మధ్యలో ఉన్న పళ్లెం లాంటిది. అందుకే తొందరగా వేడెక్కుతుంది, ఆగస్టుకి నీళ్లే 33 డిగ్రీల దాకా పోతాయి. వచ్చి కలిసే నదులు తక్కువ, ఆవిరయ్యేది ఎక్కువ కాబట్టి ఉప్పు కూడా మామూలు సముద్రం కంటే ఎక్కువ, లీటరుకి 40 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. మనిషి తేలిగ్గా తేలతాడు, అది బానే ఉంటుంది, కానీ కళ్లలో పడితే మంట, పిల్లలకి గీరుకున్న చోట్ల ఇంకా మంట. పైగా అదే నీటి ఆవిరంతా గాలిలో ఉంటుంది. హోటల్ ఏసీలోంచి బయట అడుగుపెట్టగానే అత్తమ్మ కళ్లద్దాలు తెల్లగా మసకబారిపోయేవి, కొంగుతో తుడుచుకుని పెట్టుకుంటే మళ్లీ అంతే, ఫోన్ కెమెరా కూడా అంతే, మా మొదటిరోజు ఫొటోలన్నీ పొగమంచులో తీసినట్టున్నాయి. రాత్రి పదింటికి కూడా చల్లబడదు. మా మరిది రూమ్‌కి పోతే అక్కడ ఇంకో వింత, ఎండాకాలం వాళ్లు గీజర్ ఆపేసి అందులో నీళ్లే చల్లనీళ్లుగా వాడుకుంటారు, ఎందుకంటే పైన ట్యాంకులోంచి వచ్చే మామూలు ట్యాప్ నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడి!

అలాగని చలికాలం పొండి అని ఒక్క ముక్కలో రాసేసినా సరిపోదు సార్, అక్కడే నా అసలు పాయింటు. గాలికి ఒక సీజను, నీళ్లకి ఒక సీజను. జనవరిలో పగలు 24, 25 డిగ్రీలు, ఇసుక మీద రోజంతా కూర్చోవచ్చు, కానీ నీళ్లు 21, 22కి దిగిపోతాయి, చలిదేశాల వాళ్లు హాయిగా ఈదుతుంటే మన పిల్లలు పళ్లు కొట్టుకుంటూ ఒడ్డుకి వస్తారు. మధ్యలో షమాల్ అని వాయవ్యం నుంచి గాలి లేస్తుంది, అప్పుడు అలలు పెరిగి బీచ్‌లో ఎర్రజెండా పెట్టేస్తారు, ఎర్రజెండా ఉంటే దిగకూడదు, ఇసుక ముఖాన కొడుతుంది. సముద్రం వేడెక్కడానికీ చల్లారడానికీ నేల కంటే ఆలస్యం చేస్తుంది కాబట్టి నవంబర్‌లో ఎండ తగ్గి కూడా నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి. మా మరిది లెక్క ప్రకారం పిల్లలతో బీచ్ కోసమే పోయేవాళ్లకి అన్నిటికంటే మంచిది నవంబర్ నెల, దాని తర్వాత మార్చి చివరి నుంచి ఏప్రిల్ సగం దాకా. డిసెంబర్ ఆఖరి వారం వాతావరణం బాగున్నా రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి.

మరి మన స్కూళ్ల సెలవులు? వేసవి సెలవులు అక్కడి నిప్పుల కొలిమి. సంక్రాంతి సెలవులు నీళ్లు చల్లగా ఉండే రోజులు, ఇసుకలో ఆడుకోవడానికి, ఊరు తిరగడానికి సూపర్, ఈతకి అంతంత మాత్రం. దసరా అక్టోబర్ మూడో వారం దాటి వచ్చిన ఏడాది పొద్దున, సాయంత్రం పర్లేదు. నన్నడిగితే నవంబర్‌లో నాలుగు రోజులు స్కూల్ ఎగ్గొట్టించడమే నయం, టీచర్నే ఈ మాట అంటున్నాను, మా హెడ్మాస్టర్ గారు పేపర్ చదువుతారు, చదివితే చదవనీ. రంజాన్ కూడా చూసుకోవాలి, అది ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, ఇప్పుడు ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో వస్తోంది. రెస్టారెంట్లు పగలు కూడా నడుస్తాయి కానీ బీచ్‌లో అందరి ముందూ కూర్చుని చిప్స్ తినడం, నీళ్లు తాగడం కుదరదు, పిల్లలున్నవాళ్లకి అది కొంచెం కష్టమే.

హోటల్ సంగతి. మా ప్యాకేజీలో "బీచ్‌కి దగ్గర్లో" అని రాసుంది. పేరు చెప్పను గానీ అది దేరాలో, అంటే దుబాయ్ పాత ఊరి వైపు, ఉన్న హోటల్, కింద వీధిలో మంచి ఇడ్లీ దొరికింది, అంతవరకు హ్యాపీ. కానీ దుబాయ్ మన ఊర్లలా గుండ్రంగా ఉండదు, సముద్రం పక్కనే తాడులా సాగిన ఊరు. దేరా నుంచి జేబీఆర్ (జుమైరా బీచ్ రెసిడెన్స్) బీచ్‌కి ముప్పై కిలోమీటర్ల పైనే. మెట్రో ఉంది కదా అంటారు, ఉంది, 2009లో మొదలైన రెడ్ లైన్ షేక్ జాయెద్ రోడ్డు వెంబడి పోతుంది, కానీ అది సముద్రానికి సమాంతరంగా కొన్ని కిలోమీటర్లు లోపలికి ఉంటుంది, కైట్ బీచ్, ఉమ్ సుఖీమ్ లాంటి బీచ్‌లకి స్టేషన్‌లో దిగి మళ్లీ టాక్సీయో బస్సో పట్టాలి. జేబీఆర్‌కి మాత్రం మెట్రో దిగి ట్రామ్ ఎక్కితే దగ్గరదాకా పోవచ్చు. కాబట్టి హోటల్ బుక్ చేసేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌కి ఎంత దూరం అని కాదు, మీరు దిగబోయే ఆ ఒక్క బీచ్‌కి ఎంత దూరం అని మ్యాప్‌లో కొలుచుకోండి, ఐదుగురికి రోజూ రానూపోనూ టాక్సీ లెక్కేస్తే దేరాలో మిగిలిన డబ్బు జుమైరా రోడ్డు మీదే పోతుంది. టాక్సీ ఎయిర్‌పోర్ట్‌లో ఎక్కితే మీటరే 25 దిర్హాములతో మొదలవుతుంది, దారిలో టోల్ గేటు తగిలితే అదీ మీ బిల్లులోనే. మెట్రోకి నోల్ అని డబ్బు వేసుకుని వాడే కార్డు ఉంటుంది, అందులో మామూలు రకమైన సిల్వర్ కార్డు మీద ఎంత దూరం పోయినా ఏడున్నర దిర్హాములు దాటదు, ఐదేళ్లలోపు పిల్లలకి ఫ్రీ. ఎయిర్‌పోర్ట్‌లో టెర్మినల్ 1, 3లకి మెట్రో ఉంది, టెర్మినల్ 2లో దిగితే లేదు, టికెట్ మీద అది కూడా చూసుకోండి. ఆదివారం పొద్దున్నే బీచ్‌కి పోదామని లేస్తే మెట్రో ఎనిమిదింటికి గానీ మొదలవదు. మెట్రోలో నీళ్లు తాగినా చూయింగ్ గమ్ నమిలినా ఫైన్. లేడీస్ పెట్టెలో మాతోపాటు ఎక్కేసిన మా ఆయన్ని ఒకావిడ నేల మీది గులాబీ గీత వేలితో చూపించి అవతలికి పంపింది, అత్తమ్మ అది చూసి నవ్వినంత నవ్వు ఆ ట్రిప్ మొత్తంలో నవ్వలేదు.

ఇంకోటి, ప్యాకేజీ రేటు అంటే అన్నీ కలిపిన రేటు అనుకోకండి. హోటల్ కౌంటర్ దగ్గర టూరిజం దిర్హమ్ అని ఒక ఫీజు అడిగారు, హోటల్ స్టార్లని బట్టి గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హాములు, మాకు రెండు గదులు, ఐదు రాత్రులు. దాని మీద డిపాజిట్. డిపాజిట్ తర్వాత తిరిగొచ్చింది, అది వేరే సంగతి, కానీ ఆ పూట జేబులో దిర్హాములు సగం అక్కడే పెట్టేశాం. విడిగా హోటల్ బుక్ చేసుకునేవాళ్లయితే 5 శాతం వ్యాట్, మున్సిపాలిటీ ఫీజు, సర్వీస్ చార్జీ ఆ చూపించే రేటులో కలిశాయో లేదో కింద చిన్న అక్షరాలు చదవండి. మీ పేజీలో ఇవన్నీ కలిపి ఒక కుటుంబానికి ఎంతవుతుందో ఒక్క ఉదాహరణ వేసుంటే ఎంత బావుండేది.

సర్దుకునేటప్పుడు సంగతులు, ఇవి మా మరిది పుణ్యమా అని తెలిశాయి. అత్తమ్మ కొడుక్కోసం కోడికూర మసాలా కొట్టించి డబ్బాలో పెట్టింది, బయల్దేరే ముందురోజు ఫోన్లో ఆ మాట అనగానే అతను "అమ్మా, అండ్ల గసాలు వడ్డయా?" అని అరిచాడు. గసగసాలు ఆ దేశంలో నిషేధం, మనకి కూరలో వేసే దినుసు, వాళ్లకి నల్లమందు మొక్క గింజ, బ్యాగులో పట్టుబడితే కేసే. డబ్బా తీసి పక్కింటి వాళ్లకి ఇచ్చేశాం. మందులు కూడా అంతే, నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రలు కొన్నిటికి అక్కడ ముందే అనుమతి కావాలి, బీపీ, షుగర్ మాత్రలకైనా డాక్టర్ చీటీ వెంట ఉంచుకోండి. పాస్‌పోర్ట్ కనీసం ఆరు నెలలు చెల్లాలి, మన పాస్‌పోర్ట్ మీద మామూలుగా ముందే వీసా తీసుకోవాలి, దానికి రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ అడుగుతున్నారు. ఇంకో ముఖ్యమైనది, అక్కడికి పోయాక వాట్సాప్‌లో కాల్ పోదు. మెసేజ్ పోతుంది, వాయిస్ మెసేజ్ పోతుంది, కాల్ మాత్రం కలవదు. ఇది తెలీక మా నాన్న సముద్రం చూపిస్తారని రెండు సాయంత్రాలు ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట, ముందే చెప్పుంటే సరిపోయేది.

బట్టల గురించి అందరూ భయపెడతారు గానీ బీచ్‌లో ఎవరి స్విమ్ సూట్లు వాళ్లవి, నిండుగా వేసుకున్నవాళ్లూ పక్కపక్కనే ఉంటారు, ఎవరూ ఎవర్నీ చూడరు, కాకపోతే అదే తడి బట్టలతో మాల్లోకో దుకాణంలోకో నడవకూడదు. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే హోటల్ స్విమ్మింగ్ పూల్లో, కాటన్ టీషర్టులతో దిగనివ్వలేదు, లైక్రానో నైలానో ఉండాలన్నారు, అక్కడికక్కడ కొనాల్సి వచ్చింది, ఇక్కడే కొనుక్కుని పొండి. ఫొటోల విషయం మాత్రం నిజంగా జాగ్రత్త. మా ఆయన అలవాటు కొద్దీ బీచ్ అంతా ఆ చివర్నుంచి ఈ చివరకి వీడియో తిప్పుతుంటే అక్కడ డ్యూటీలో ఉన్నతను వచ్చి మర్యాదగానే డిలీట్ చేయించాడు. అడక్కుండా ముక్కూమొహం తెలియని వాళ్లని, అందులోనూ ఆడవాళ్లని, ఫొటో తీస్తే అక్కడ అది నేరం, ఆ వీడియోలో ఎవరు పడ్డారో మాకు కూడా తెలీదు. మాతో అంతటితో పోయింది.

ఇన్ని చెప్పాను గానీ ట్రిప్ మొత్తం పాడైపోలేదు. మూడోరోజు మరిదికి సెలవు దొరికింది, "నేన్ జెప్పినట్టు ఇనుండ్రి" అని టైము మార్చేశాడు. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక, అంటే ఇంట్లో ఆరింటికి లేచే అలవాటున్న అత్తమ్మకి అక్కడ నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తుంది, ఆ గంటన్నరని మేం రెండు రోజులు గదిలో టీవీ చూస్తూ వేస్ట్ చేశాం. జూన్‌లో ఐదున్నరకి తెల్లారుతుంది. ఐదింటికే టాక్సీ ఎక్కి ఎనిమిదింటికల్లా తిరిగొచ్చేశాం, ఇసుక కాలదు, జనం లేరు, షవర్లూ బట్టలు మార్చుకునే గదులూ ఖాళీ, పైసా ఎంట్రీ లేదు. పగలంతా మాల్స్‌లో, గదిలో. మళ్లీ రాత్రి ఉమ్ సుఖీమ్. మామూలుగా అక్కడ సూర్యాస్తమయం అయ్యాక నీళ్లలోకి దిగనివ్వరు, లైఫ్ గార్డులు వెళ్లిపోతారు, కానీ 2023లో జుమైరా 2, జుమైరా 3, ఉమ్ సుఖీమ్ 1లో రాత్రిపూట ఈతకోసమే కొంత కొంత బీచ్ తెరిచారు, పెద్ద పెద్ద లైట్లు, రాత్రి కూడా లైఫ్ గార్డులు. మీ పేజీలో దీని గురించి ఒక్క లైను లేదు, ఎండాకాలం పోక తప్పని వాళ్లకి ఇంతకంటే పనికొచ్చే ముక్క ఇంకోటి ఉందా చెప్పండి.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి అత్తమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్ల అంచున కూర్చుంది. లైట్ల వెలుగు నీళ్ల అడుగుదాకా పడి ఇసుకలో గీతలు కూడా కనిపిస్తున్నాయి, చిన్న చిన్న చేపలు ఆమె పాదాల చుట్టూ తిరుగుతుంటే కదలకుండా చూస్తూ ఉంది. ఎదురుగా 321 మీటర్ల బుర్జ్ అల్ అరబ్ రంగులు మారుస్తుంటే పిల్లలు పచ్చ వస్తుందా ఊదా వస్తుందా అని పందేలు. పక్కనే మరిది ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నిలబడ్డాడు. "పదకొండేండ్లయింది వదినా, దిగుడు ఇదే రెండోసారి" అన్నాడు. మొదటిసారి వచ్చిన కొత్తలోనట.

కాబట్టి సార్, ఈసారి అలాంటి పేజీ వేసేటప్పుడు ఏ నెలలో గాలి ఎంత, నీళ్లు ఎంత, తెల్లారేది ఎప్పుడు, పొద్దుగూకేది ఎప్పుడు అని నాలుగు గడుల పట్టిక ఒకటి వేయండి. చలికాలంలో ఐదున్నర దాటగానే సూర్యుడు దిగిపోతాడు, మధ్యాహ్నం నిద్రపోయి సాయంత్రం పోదాం అనుకునేవాళ్లకి అది కూడా తెలియాలి. శని ఆదివారాలు అక్కడ సెలవు, 2022 నుంచి మారింది, శుక్రవారం సగం రోజే ఆఫీసులు, వారం మధ్యలో పెట్టుకుంటే బీచ్‌లు కాస్త ఖాళీ అని కూడా రాయండి. ప్యాకేజీల ప్రకటనలు మీరు వేసుకోవద్దని అనను, పేపర్ నడవాలి కదా, ఆ పట్టిక మాత్రం పక్కనే ఉండనివ్వండి.

మేం నవంబర్ రెండో వారానికి టికెట్లు చూస్తున్నాం, ఈసారి హోటల్ జుమైరా వైపే. మరిదికి ముందే చెప్పాం, సెలవు రాసుకున్నాడు. అత్తమ్మ మసాలా మళ్లీ కొట్టించింది, గసాలు లేకుండా.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు, ఒక టీచరు,
నిజామాబాద్